అంచు విరచిన మాట

వడ్రంగి నోటి పలుకు మాట కాదనియు, నిఘంటువున కెక్కినదే మాట యనియు తలంచుట మన చదువరులకు చిరకాలముగ నలవడిన దోషము. తమ భాషలో పండితులకంటె పనివారే పదముల నెక్కువగా నిలిపిరని యింగ్లీషువారి కొయ్యపనియే సాక్ష్య మిచ్చుచున్నది.

'చాంఫర్' అను మాటను గైకొందము. బల్లకుగాని దూలమునకుగాని గల పదునైన మూలయంచును, సాధారణముగ 45 డిగ్రీల వాలున, కొంచెముగ చెక్కివేయుట దీని యర్థము. ప్రాచీన ఫ్రెంచి భాషలో అంచు అనుపదమును, విరచుట అనుపదమును కలిసి యిది యేర్పడినది. 16వ శతాబ్దమున నింగ్లీషున ప్రవేశించి, తొలుత సన్నని గాడికి పేరై, పిమ్మట నీ యర్థమున కుదిరినది. చిత్రమేమనగా, ఈ పుట్టుపూర్వోత్తరము లెరుగని నేటి యింగ్లీషు వడ్రంగియు అంచును 'బ్రేక్' చేయుమనియే శిష్యునకు చెప్పును. మూలము మరుగుపడిన భావము పనివాని నోట మరల పుట్టినది!

పదునైన యంచు త్వరగా చీలును, చేతిని గీరును. అందుకే యీ చెక్కుడు. అయినను దూలము కీలు దగ్గరకు వచ్చునప్పటికి దీని నాపివేయుటయు కలదు. కీలునకు నిండుకొయ్య కావలయును గదా.

'బెవెల్' వేరు. అది యొక ముఖమునుండి రెండవ ముఖమువరకు అంచంతయు వాలుట. ఉలి మొనవాలు బెవెలే. సామాన్యముగ దానిని 25 డిగ్రీలకు సానబట్టుదురు.

ఈ రెంటిని 'ఏటవాలు అంచు' అని యొక్క గాట కట్టినయెడల నేమగును? ఒప్పందపత్రమున నా మాటయే యుండిన, మూల మాత్రము తీయవలసినవాడు పలక యంచంతయు చెక్కివేయును. చెక్కిన కొయ్య మరల రాదు. దావా మాత్రము వచ్చును. వకీళ్లమగు మాకది లాభమే కాని గృహస్థునకు కాదు.

1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయపదములను రైతుల నోటినుండియే యెత్తి కూర్చిరి. పాఠ్యపుస్తకములకు పరిభాష కల్పించువారును కొయ్యపని జరుగుచోటికి పోయి, ఈ రెండు చెక్కుళ్లను చూపి, వడ్రంగి దేని నేమనునో యడిగి వ్రాసికొనవలయును. అతనికడ మాట లేదని తేలిన పిమ్మట గదా సంస్కృతసమాసముల జోలికి పోవలసినది!