నోటుకు బంగారమా? పంటకు ధరా?

రూపాయి విలువ పడిన ప్రతిసారీ ఒక వాదన లేస్తుంది. నోటు వెనుక బంగారమో వెండో ఉంటే ప్రభుత్వాలు ఇష్టమొచ్చినట్టు అచ్చు వేయలేవు, ధరలు అదుపులో ఉంటాయి అని. ఎరువులు, డీజిలు, కూలి ఖర్చులతో నలిగిన రైతుకు ఈ మాట నచ్చడం సహజం. ఇందులో కొంత నిజమూ ఉంది. కానీ లోహంతో ముడిపెట్టిన రూపాయి రైతును ఏం చేసిందో మన దేశం ఒకసారి చూసింది.

1893 దాకా ఎవరైనా టంకశాలకు వెండి తీసుకెళ్తే రూపాయలు కొట్టి ఇచ్చేవారు. ఆ ఏడాది జూన్‌లో బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని ఆపేసింది. రూపాయి ప్రియమైంది, రైతు ఇంట్లోని వెండి కడియాలు చవకయ్యాయి. శిస్తు మాత్రం రూపాయల్లోనే కట్టాలి.

1927లో బంగారం లెక్కన రూపాయిని 18 పెన్నీలుగా ఖాయం చేశారు. 16 పెన్నీలే ఉండాలని కమిషన్ సభ్యుడు పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ అసమ్మతి రాసినా వినలేదు. రెండు పెన్నీలే కదా అనుకోవద్దు. పౌనుకు 240 పెన్నీలు. విదేశాల్లో ఒక పౌనుకు అమ్ముడైన సరుకుకు 16 లెక్కన 15 రూపాయలు వస్తే, 18 లెక్కన 13 రూపాయల 5 అణాల పైచిలుకే. శిస్తులో, వడ్డీలో ఆ కోత లేదు.

ఆపైన మాంద్యం వచ్చి పంటల ధరలు కుప్పకూలాయి. 1931 సెప్టెంబరులో బ్రిటన్ తానే బంగారాన్ని వదిలేసింది. మన రూపాయిని మాత్రం అదే 18 పెన్నీల దగ్గర స్టెర్లింగుకు కట్టి ఉంచింది. అప్పులు, శిస్తులు తీర్చడానికి పల్లెల్లో ఆడవాళ్ల ఒంటిమీది నగలు అమ్ముడయ్యాయి. వందల కోట్ల రూపాయల బంగారం ఓడలెక్కింది.

డబ్బు బిగిస్తే పంట ధర పడుతుంది, ప్రాంసరీ నోటులో అంకె పడదు. పది బస్తాలతో తీరాల్సిన అప్పు పదిహేను బస్తాలు అడుగుతుంది. కాబట్టి నోటు వెనుక ఏముంది అన్నదానికంటే, ఆ లెక్క ఎవరు కడుతున్నారు, ఎవరి కోసం అన్నదే అసలు ప్రశ్న.

నేడు బంగారం నోటు వెనుక కాదు, బ్యాంకులో మన తాకట్టు సంచిలో ఉంది. 2025 జనవరి నుంచి రెండు లక్షల రూపాయల దాకా సాగు రుణానికి తాకట్టు అడగరాదని రిజర్వు బ్యాంకు చెప్పింది. రైతు తనంతట తాను బంగారం పెడితే తప్పు కాదని అదే ఏడాది వివరణ ఇచ్చింది. అప్పు కోసం కౌంటరు ముందు నిలబడ్డవాడికి ఇష్టమేమిటి, బలవంతమేమిటి?

మన డిమాండ్లు స్పష్టం: తాకట్టు లేని పంట రుణం, మద్దతు ధరకు చట్టబద్ధ హామీ. రెండు లక్షల లోపు రుణానికి నగలు అడిగితే కారణం రాతపూర్వకంగా ఇమ్మనండి, ఆ విషయం సంఘానికి తెలపండి.