బిడారు సరే, మజిలీలేవి?

వార్తా సంస్థలు పంపే ఇంగ్లీషు కథనాలను తెలుగు చేసేవారికి కొన్ని మాటలు పంటికింద రాళ్లలా తగులుతుంటాయి. ‘ఆఫ్‌రోడ్‌ క్యాంపర్‌’ అటువంటి మాట. ‘దారి తప్పిన బండి’ అంటే పాఠకుడు నవ్వుతాడు. ‘దారి లేని చోట నడిచే గుడారపు వాహనం’ అంటే శీర్షికలో ఇమడదు. ‘కారవాన్‌’కు మాత్రం మనకు చక్కని పాత మాట ఉంది: బిడారు. ఆ మాటకు తోడుగా మరొక మాట కూడా మన భాషలో ఉంది. అది మజిలీ. బిడారు గురించి ఇంత ఉత్సాహంగా మాట్లాడుతున్న మనం మజిలీని పూర్తిగా మరచిపోయాం. ఈ కొత్త వ్యాపారానికి వచ్చిపడిన చిక్కంతా అక్కడే ఉంది.

ఉద్యోగం మాని, సొంత వాహనాన్ని నడిచే ఇల్లుగా మార్చుకొని, దేశం చుట్టివచ్చి, చివరకు అటువంటి వాహనాలనే అద్దెకిచ్చే వ్యాపారం పెట్టుకున్న యువతీయువకుల కథనాలు ఇటీవలి సంవత్సరాలలో తరచుగా వస్తున్నాయి. ఫోర్‌ వీల్‌ డ్రైవ్‌ పికప్‌ లేదా జీపు, దాని పైకప్పు మీద మడత గుడారం, వెనుక చిన్న వంట బల్ల, నీళ్ల ట్యాంకు, సౌర ఫలకం; వర్ణన దాదాపు ఒక్కటే. వ్యాపారం మొదలయ్యే చోట కథనం ముగుస్తుంది. అసలు కథ ఆరంభమయ్యేది అక్కడే అన్నది అనుభవజ్ఞులు ఎరిగిన సత్యం.

ప్రయాణాన్ని ప్రేమించేవాడు వేరు, ప్రయాణ సాధనాన్ని అద్దెకిచ్చేవాడు వేరు. మొదటివాడు రోహ్‌తాంగ్‌ అవతలి మంచుకొండలను చూస్తాడు. రెండోవాడు అపరిచితుడి చేతిలో పెట్టిన తన బండి క్లచ్‌ ఏ స్థితిలో తిరిగి వస్తుందోనని షెడ్డులో కూర్చొని ఎదురుచూస్తాడు. ఇష్టమైన పనినే వృత్తిగా చేసుకోమన్న సలహా వినసొంపుగానే ఉంటుంది. కాని ఈ వృత్తిలోకి దిగినవాడికి ముందుగా తప్పిపోయేది ఆ ఇష్టమైన పనే. సెలవుల రోజుల్లో అందరూ ప్రయాణిస్తారు, అతను మాత్రం కదలలేడు.

ఇక లెక్కల సంగతి. కేవలం ఊహగానే ఒక లెక్క వేద్దాం. ఒక వాహనానికి, దాని మార్పులకు కలిపి 30 లక్షల రూపాయలు అయిందనుకుందాం. అందులో 25 లక్షలు 10 శాతం వడ్డీకి ఐదేళ్ల అప్పు. నెలసరి వాయిదా సుమారు 53 వేలు. ఏడాదికి 6 లక్షల 37 వేలు. రోజుకు 7 వేల రూపాయల అద్దెకు ఏడాదిలో 100 రోజులు బండి తిరిగితే వచ్చేది 7 లక్షలు. మిగిలిన 63 వేలలోనే బీమా, టైర్లు, మరమ్మతులు, పన్నులు, ప్రచారం, యజమాని తిండి. పైగా ఆ ఐదేళ్లలో బండి విలువ కరిగిపోతూనే ఉంటుంది. నూరు రోజులను నూట యాభై చేయగలిగినవాడు బతుకుతాడు, చేయలేనివాడు బండిని అప్పిచ్చినవారికి అప్పగిస్తాడు. మనాలీ-లేహ్‌ రహదారి శీతకాలమంతా మంచు కింద ఉంటుంది. 2020 అక్టోబరులో ప్రారంభమైన 9.02 కి.మీ. అటల్‌ సొరంగం లాహుల్‌ లోయకు ఏడాది పొడవునా దారి చూపిన మాట నిజమే గాని, దాని అవతల బారలాచా వంటి కనుమలు అలాగే ఉన్నాయి. కాబట్టి వేసవిలో హిమాలయాలకు, శీతకాలంలో కచ్‌ రణ్‌కో దక్షిణాది తీరానికో బండ్లను తరలించక తప్పదు. ఆ ఖాళీ ప్రయాణపు ఖర్చును భరించేది ఎవరు?

లెక్క కుదిరినా చట్టం కుదరదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌ ప్రకారం, తయారీదారు నిర్దేశించి రిజిస్ట్రేషన్‌ పత్రంలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని మరింత ఖండితంగా చెప్పింది. అదే ఏడాది జరిగిన సవరణతో, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5 వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించే వీలు ఏర్పడింది. సొంత వాడకానికి ఉద్దేశించిన క్యాంపర్‌ వ్యాన్‌ను కేంద్రం 2004లోనే రవాణాయేతర వాహనాల జాబితాలో చేర్చింది. మోటారు కారవాన్లకు ఏఐఎస్‌-124 అనే ప్రత్యేక ప్రమాణం కూడా ఉంది. కాని సొంతానికి వాడుకోవడం వేరు, అద్దెకివ్వడం వేరు.

డ్రైవరు లేకుండా వాహనాన్ని అద్దెకిచ్చే వ్యాపారానికి ఆధారం 1989 నాటి రెంట్‌-ఎ-క్యాబ్‌ పథకం. ఆ పథకం కింద లైసెన్సు పొందాలంటే కనీసం 50 క్యాబ్‌లు ఉండాలి. మహానగరాలలోని పెద్ద సంస్థలను దృష్టిలో ఉంచుకొని రాసిన నిబంధన ఇది. మూడు బండ్లతో మొదలుపెట్టే యువకుడికి ఇందులో చోటు లేదు. ఫలితంగా ఏమవుతోంది? నల్ల పలకపై పసుపు అక్షరాలు ఉండవలసిన బండి తెల్ల పలకతోనే అద్దెకు పోతోంది. అద్దెకు తీసుకున్నవాడిని ‘మిత్రుడు’ అని చెప్పుకోవలసి వస్తోంది. అంతా బాగున్నంతకాలం ఎవరూ అడగరు. స్పితిలో ఒక మలుపు దగ్గర బండి లోయలోకి జారిన రోజున బీమా సంస్థ అడిగే మొదటి ప్రశ్న, ఆ ప్రయాణం అద్దెకా, సొంతానికా అన్నదే. సొంత వాడకానికి బీమా చేసిన వాహనాన్ని అద్దెకిస్తే పాలసీ షరతు ఉల్లంఘన అయినట్లే. అప్పుడు పోయేది ఒక్క బండి కాదు. ఒక కుటుంబం కూడబెట్టుకున్న సొమ్ము, అద్దెకు తీసుకున్నవారి భద్రత. ఔత్సాహికులను మెచ్చుకుంటూ రాసే కథనాలలో ఈ ముక్క కనిపించదు.

చట్టం తరువాత నేల సంగతి. తాండీలో పెట్రోలు బంకు దాటితే తరువాతి బంకు 365 కి.మీ. దూరంలో అని హెచ్చరించే బోర్డు చాలాకాలం లేహ్‌ దారిలో ప్రసిద్ధి. అటువంటి చోట బండి ఆగితే మెకానిక్‌ను ఎక్కడినుంచి పంపాలన్నది ముందే తేల్చుకోనివాడు ఈ వ్యాపారంలోకి రాకూడదు. లేహ్‌లో స్థానిక టాక్సీ యజమానులు బయటి నుంచి వచ్చే అద్దె వాహనాలను ఏళ్లుగా ప్రతిఘటిస్తున్నారు. వారిది కేవలం మొండితనం అనలేం. ఏడాదిలో కొద్ది నెలలే సంపాదన ఉన్న ప్రాంతం అది.

‘ఆఫ్‌రోడ్‌’ అన్న మాటకు మరొక కీడు కూడా అంటుకొంది. 2023 డిసెంబరులో లాహుల్‌-స్పితిలో ట్రాఫిక్‌ రద్దీని తప్పించుకోవడానికి ఒకరు జీపును ఏకంగా చంద్రా నదిలోకి దించి నడిపారు. పోలీసులు చలానా రాశారు. దారి లేని చోట నడపడమే స్వేచ్ఛ అనుకునేవారు ఐస్‌లాండ్‌ను చూడాలి. క్యాంపర్‌ అద్దె వ్యాపారం విరివిగా సాగే ఆ దేశంలో రోడ్డు విడిచి నేలమీదికి వాహనాన్ని నడపడం చట్టరీత్యా నేరం. కొండ ప్రాంతపు గరుకు రోడ్లు వేరు, రోడ్డే కాని నేల వేరు. మొదటిదానికి బలమైన బండి కావాలి. రెండోదానికి ఏ బండీ వెళ్లకూడదు.

ఇక్కడే మజిలీ ప్రసక్తి వస్తుంది. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య సుమారు నూరుమంది పరివారంతో, డేరాలతో ప్రయాణించాడు. అతని ‘కాశీయాత్ర చరిత్ర’ తిరగేస్తే వాహనం గురించిన ముచ్చట తక్కువ. ఏ ఊళ్లో మంచినీళ్లు దొరుకుతాయి, ఎక్కడ సత్రం ఉంది, ఎక్కడ దినుసులు దొరకవు, ఏ దారి గులకరాళ్ల మయం అన్న వివరాలే ఎక్కువ. ప్రయాణికుడికి కావలసినది ఏమిటో ఆయనకు తెలుసు. ఇప్పటి ప్రయాణికుడికీ కావలసినది అదే: రాత్రి నిర్భయంగా ఆగేందుకు చోటు, నీళ్లు, మరుగుదొడ్డి, చెత్త వేయడానికి ఒక ఏర్పాటు.

ప్రభుత్వాలు ఈ సంగతి గ్రహించలేదని కాదు. కేంద్ర పర్యాటక శాఖ కారవాన్‌ పార్కుల విధానాన్ని రూపొందించి దశాబ్దంన్నర దాటింది. కేరళ 2021లో సొంత విధానం ప్రకటించి మరుసటి ఏడాది వాగమన్‌లో తొలి పార్కును తెరిచింది. ఆంధ్రప్రదేశ్‌ కూడా 2025లో ఈ బాట పట్టింది. అయితే ఈ విధానాల చూపు ఎక్కువగా శీతల యంత్రాలు, సోఫాలు అమర్చిన బస్సుల వంటి పెద్ద కారవాన్ల మీదే ఉంది. వాటికి రిసార్టులు చాలు. మట్టిరోడ్ల మీద తిరిగే చిన్న బండికి కావలసినది ఒక పంచాయతీ చావిడి పక్కన పది సెంట్ల స్థలం, ఒక కుళాయి, రెండు మరుగుదొడ్లు.

కేరళ నుంచే ఒక హెచ్చరిక కూడా ఉంది. ధాన్యం మోసే కెట్టువళ్లాలను హౌస్‌బోట్లుగా మార్చి అలప్పుళ పర్యాటకానికి కొత్త ఊపిరి పోసిన రాష్ట్రం అది. ఆ బోట్లు మితిమీరి పెరిగాక వాటి మురుగు వేంబనాడు సరస్సును ఎంత బాధించిందో లోకవిదితం. ముందు బోట్లు వచ్చాయి, మురుగు గురించిన ఆలోచన తరువాత వచ్చింది. న్యూజిలాండ్‌ 2011లో ఆరుబయట మకాంలకు ప్రత్యేక చట్టం చేసి, 2023లో దానిని బిగించి, స్వయం సమృద్ధమైనదిగా ధ్రువపత్రం కోరే వాహనంలో కదలకుండా బిగించిన మరుగుదొడ్డి ఉండాలన్న నియమం పెట్టింది. వాహనాల సంఖ్య పెరగకముందే మనం నేర్చుకోదగిన పాఠమిది.

మన గిరిజన ప్రాంతాల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. అరకు, మారేడుమిల్లి, లంబసింగి పేర్లు వినగానే పెట్టుబడిదారులకు ఉత్సాహం పుడుతుంది. కాని షెడ్యూల్డు ప్రాంతాలలో భూమి గిరిజనేతరులకు బదలాయించడాన్ని 1/70 నిబంధన నిషేధించింది. అక్కడి ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడం సైతం చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. దీన్ని అడ్డంకిగా చూడనక్కరలేదు. బండి పట్నంవాడిదైనా మజిలీ గిరిజన సహకార సంఘానిది కావచ్చు. రాత్రి మకాం రుసుం, భోజనం, దారి చూపే కూలి ఆ ఊరికే దక్కితే, దుమ్ము, చెత్త మాత్రమే మిగిల్చి పోయే పర్యాటకం స్థానంలో ఇంత ఆదాయం మిగిల్చే పర్యాటకం వస్తుంది.

ఇది ముచ్చటపడే కొద్దిమంది సంపన్నుల వ్యవహారం, ప్రభుత్వానికి దీనితో పనేమిటని ఎవరైనా అడగవచ్చు. రోడ్లు ప్రజల సొమ్ముతో వేసినవి. నదులు, కొండలు అందరివీ. ఈ వ్యాపారంలో మునిగేది కూడా సంపన్నులు కారు. ఉద్యోగం వదిలి, తండ్రి పదవీ విరమణ సొమ్మును బండిలో పెట్టిన మధ్యతరగతి యువకులు. వారిని చట్టం బయట నిలబెట్టి, ప్రమాదం జరిగిన రోజున మాత్రం చట్టాన్ని చూపడం న్యాయం కాదు.

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. 50 వాహనాల నిబంధన నుంచి క్యాంపర్లను మినహాయించి, ఐదారు బండ్ల చిన్న యజమానికీ లైసెన్సు ఇవ్వాలి. ఆమోదిత ప్రమాణంతో మార్పులు చేసే వర్క్‌షాపులను గుర్తించాలి. అద్దె క్యాంపర్లకు తగిన బీమా పాలసీని సంస్థల చేత తెప్పించాలి. ప్రతి మజిలీకి ఊరి పంచాయతీని యజమానిగా నిలపాలి. ఈ రంగంలోకి దిగదలచిన యువకులు కూడా రెండో బండి కొనకముందే ఆ దారిలో రాత్రి బస చేయడానికి రెండు ఊళ్లతో ఒప్పందం చేసుకోవడం మంచిది. బండ్లను అప్పు చేసి ఎవరైనా కొనగలరు. ఊరివారి నమ్మకం మాత్రం అప్పుగా దొరకదు.