ఆడ మందా? మగ మందా?

మన ఇళ్లల్లో మందుల చీటీ దాచేది, పూటపూటకీ మాత్ర గుర్తుచేసేది చాలావరకు ఆడవాళ్లే. అందుకే ఈ సంగతి ముందు మనకే తెలియాలి.

మన విశాఖలో అగనంపూడి దగ్గర టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి వచ్చాక ఉత్తరాంధ్ర రోగులకి బొంబాయి పరుగు కొంత తగ్గింది. అయితే ఆపరేషను, కీమో, కరెంటు పెట్టడం అయిపోయాక కూడా చాలామందికి వైద్యం ఇంట్లో కొనసాగుతుంది. అదే హార్మోన్లని అడ్డుకునే మాత్ర.

రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువభాగం ఈస్ట్రోజన్ అనే హార్మోను అండతో పెరిగేవే. పరీక్షలో అది తేలితే టామాక్సిఫెన్ ఇస్తారు. తాళంకప్పలో పుల్ల ఇరుక్కుంటే తాళంచెవి దూరదు చూడండి, అలా ఆ హార్మోనుకి దారి మూసేస్తుంది. రోజూ వేసుకోవాలి, మామూలుగా 5 ఏళ్లు. అలా వాడినవాళ్లలో 15 ఏళ్ల లెక్క చూస్తే ఈ జబ్బుతో చనిపోవడం దాదాపు మూడోవంతు తగ్గింది. అయినా మధ్యలో మానేసేవాళ్లున్నారు. గడ్డ లేదు, నొప్పి లేదు, ఉన్నదల్లా ఆవిర్లు, చెమటలు. ఇంకా ఎందుకీ మాత్ర అనిపిస్తుంది మరి!

అరుదుగానైనా మగవాళ్లకీ రొమ్ము క్యాన్సర్ వస్తుంది. వాళ్లకీ ఇదే మాత్ర. 'ఆడాళ్ల మందు' అని సిగ్గుపడితే నష్టం ఎవరికి?

ప్రొస్టేట్ క్యాన్సర్‌లో మగ హార్మోనుని ఆపుతారు. దీనికి దారి చూపిన చార్లెస్ హగ్గిన్స్‌కి 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. మా వీధిలో పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఆ ఇంజక్షన్ల మీదున్నారు. "ముట్లుడిగినప్పుడు నాకొచ్చిన ఆవిర్లే ఇప్పుడాయనకీ వస్తున్నాయమ్మా. ఎవరికీ చెప్పొద్దంటారు" అంది ఆయన భార్య.

ఇక పిల్లల కోసం డాక్టరు దగ్గరికెళ్లిన కోడలి చీటీలో లెట్రోజోల్ కనిపిస్తే, 'అది క్యాన్సర్ మందట' అని ఇంట్లో గుసగుసలు. నిజమే, ముట్లాగిన ఆడవాళ్లకి రొమ్ము క్యాన్సర్‌లో దాన్ని ఏళ్లతరబడి వాడతారు. పిల్లల కోసమైతే నెలలో మామూలుగా 5 రోజులే, అండం ఎదగడానికి. ఈ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2011లో నిషేధించి, 2017లో ఆ నిషేధం ఎత్తేసింది. అండాశయంలో నీటిబుడగలుండి అండం సరిగ్గా విడుదల కాని వాళ్లకి ఇవాళ మొదట ఇచ్చే మందు అదే.

కాబట్టి పేరు చూసి జబ్బుని ఊహించకండి. ఎందుకిచ్చారు, ఎన్నాళ్లు వాడాలి, ఏం జరిగితే వెంటనే రావాలి అని డాక్టర్ని అడగండి. టామాక్సిఫెన్ వాడుతుండగా గర్భం రాకూడదు. ముట్లాగిపోయినవాళ్లకి మళ్లీ రక్తం కనిపిస్తే వెంటనే చూపించుకోవాలి. బాధలు ఓర్చుకోలేకపోతే మందు మార్చే వీలుందేమో వాళ్లే చూస్తారు.

జబ్బుకి లేని సిగ్గు మందు దగ్గర మనకెందుకు? ఇంట్లో అందరికీ తెలియనివ్వండి. అప్పుడు మాత్ర గుర్తుచేసే చేతులు నాలుగవుతాయి.