మంచి ముక్కలే ముంచుతాయి

పేకాట అనగానే మన పెద్దలు నొసలు చిట్లిస్తారు. అందులో న్యాయం లేకపోలేదు. ఆ వ్యసనం ఎన్నో సంసారాలను గుల్ల చేసింది. అయితే పేకముక్కలు నేర్పే గణితాన్ని కూడ దానితోపాటు వెలివేయడం తగదని నా అభిప్రాయం. 1967లో సికిందరాబాదు క్లబ్బు ఒకదాని కేసులో సుప్రీంకోర్టు సైతం రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగానే పరిగణించింది.

పోకరులో 'లోబాల్' అనే తీరు ఉన్నది. ఇందులో గెలుపు చిన్న ముక్కలది. ఐదేసి ముక్కలు పంచుతారు. అక్కరలేనివి ఒకసారి మార్చుకోవచ్చు. ఆసును ఒకటిగా లెక్కించి, వరుసలను పట్టించుకోని పద్ధతిలో ఆసు, 2, 3, 4, 5 అన్నిటికంటె మేలు.

52 ముక్కలనుండి ఐదింటిని 25,98,960 విధాలుగా తీయవచ్చు. వాటిలో జతలు లేకుండా, ఎనిమిదికి మించకుండా ఉండేవి 57,344 మాత్రమే. అనగా నూటికి రెండు పైచిలుకు. కనుక 8, 7, 6, 5, 4 వచ్చినవాడు నూటికి దాదాపు 98 పంపకాలకంటె తనవే మేలని పొంగిపోతాడు. లెక్క తప్పు కాదు. కాని అది ఆట మొదలుకాక ముందటి లెక్క. ఎదుటివాడు ఒక్క ముక్కయినా మార్చక పందెం పెంచాడనుకుందాం. ఎనిమిదికి లోపడితే తప్ప అంత సాహసం చేయని జాగ్రత్తపరుడే అతడైతే, ఆ 56 రకాలలో మనది కడపటిది. దానిని మించేవి 55. అది ఓడించగలిగినది ఒక్కటీ లేదు! ముక్కలు మారలేదు, వాటి విలువ మారింది. షరతుకు లోబడిన సంభావ్యత అంటే ఇదే.

కొత్త సమాచారం వచ్చినప్పుడు పాత అంచనాను సవరించుకోవడమే విజ్ఞానశాస్త్రం. మన లోవర్ హట్‌లోని అవలాన్ కేంద్రంగా పనిచేసిన జి.ఎన్.ఎస్. సైన్స్ నాయకత్వంలో 2022లో న్యూజిలాండ్ భూకంప ప్రమాద అంచనాలను సవరించి, చాలా ప్రాంతాలకు ముప్పు మునుపటికంటె ఎక్కువని ప్రకటించారు. భూమి మారలేదు, దానిని గురించిన ఎరుక పెరిగింది.

ఈ పాఠం పేకాటకంటె మన పిల్లల చదువులకే ఎక్కువ అవసరం. బడిలో ప్రథమస్థానం పొందిన బిడ్డకు వైద్యవిద్యలో చోటు ఖాయమని అనుకుంటాము. కాని అక్కడ పోటీపడే వారిలో చాలమంది తమ తమ బడులలో మొదటివారే. చోటు దొరకనినాడు బిడ్డ తెలివి తరిగిపోలేదు. మన లెక్కే మొదటి పంపకం దగ్గర ఆగిపోయింది. ఆ సంగతి తెలియక ఇంట్లో పడే నింద, ఆ చిన్న మనస్సుకు ఎంత భారమో ఆలోచించండి.

జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలునికి ఋతుపర్ణుడు అక్షహృదయాన్ని ఉపదేశించాడని భారతం చెబుతుంది. అతనిని ముంచింది పాచికల మీది మోహం. తేల్చింది వాటి లెక్క. మన వారాంతపు తెలుగు తరగతులలో డబ్బు ప్రసక్తి లేకుండా, వేరుసెనగ పలుకులు పందెంగా పెట్టి, ఆ లెక్కను పిల్లలకు నేర్పుదాం. పక్కన కూర్చుని మనమూ నేర్చుకుందాం.