గోడ అవతల అమ్మ

టిఫిన్ డబ్బాను కొంగు చాటున దాచుకుని కూర్చుంది ఆ తల్లి. ఒళ్లో నాలుగేళ్ల బాబు. "అమ్మా, ఆకలి" అని అప్పటికి ఎన్నిసార్లు అన్నాడో. మత్తు ఇవ్వాలంటే ఆరు గంటల ముందు నుంచి అన్నం, పాలు బంద్. ఓ క్యాన్సర్ ఆసుపత్రి వరండాలో చూసిన ఆ డబ్బా ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

పిల్లల మెదడులో వచ్చే మెడుల్లోబ్లాస్టోమా కణితికి రేడియేషన్, మనవాళ్ల మాటలో 'కరెంటు పెట్టడం', సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున 6 వారాలు సాగుతుంది. బిడ్డ కదలకుండా ఉండాలని రోజూ మత్తిస్తే 30 మత్తులు, 30 పూటల పస్తు.

నిజానికి కిరణాలు తగిలేటప్పుడు నొప్పి ఉండదు. పిల్లలు బెదిరేది తల కదలకుండా బిగించే జల్లెడలాంటి మాస్కుకు, మీదికొచ్చే యంత్రానికి, అన్నిటికన్నా అమ్మ పక్కన లేకపోవడానికి. ఆ కాసేపు గదిలో ఇంకెవరూ ఉండకూడదు. మందపాటి కాంక్రీటు గోడ అవతల, తెర మీద బిడ్డను చూస్తూ నిలబడాలి.

భయం పోగొట్టే పద్ధతులున్నాయి. మాస్కు ప్లాస్టిక్‌ను వేడినీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. వెచ్చగా ఉండగానే ముఖం మీద పరిచి అదిమితే కొద్ది నిమిషాల్లో అదే అచ్చులో గట్టిపడుతుంది. అలాంటి ప్లాస్టిక్ ముక్కను ముందు పిల్లాడి అరచేతిలో పెడతారు. వాడి చేతే బొమ్మకు తొడిగిస్తారు. తర్వాత వాడి మాస్కు మీద వాడడిగిన స్పైడర్‌మ్యాన్‌ను వేస్తారు. కొన్నిచోట్ల ఓ పొడుగాటి దారం కొస పిల్లాడి చేతికిచ్చి, రెండో కొస బయట అమ్మకిస్తారు. దారం కదిలిందంటే అమ్మ ఉన్నట్టే. ఇంతకన్నా చవకైన వైద్యం నేనెరగను.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో డాక్టర్ సూసన్ హినికర్ బృందం 'అవతార్' అనే ఏర్పాటు చేసింది. కిరణాలకు అడ్డురాని తెర మీద పిల్లలు కోరిన వీడియో వేస్తారు. దాంతో చాలామంది పిల్లలకు మత్తు అవసరమే రాలేదు. ఫోన్లో బొమ్మలు చూపించి గోరుముద్దలు తినిపించే మన అమ్మలకు ఇది వింతేమీ కాదు.

మరీ పసివాళ్లకు మత్తు తప్పదు. నాలుగైదేళ్లు దాటినా కొందరికి కావాలి. అది తల్లి తప్పూ కాదు, బిడ్డ మొండితనమూ కాదు. కానీ ప్రయత్నమే చేయకుండా మత్తిస్తే ఆ పస్తు అన్యాయం.

కోట్లు పోసి యంత్రం కొంటాం. దాని పక్కన ఆటలతో పిల్లలను సిద్ధం చేసే ఒక మనిషిని జీతమిచ్చి పెట్టలేమా? హైదరాబాద్ ఎం.ఎన్.జె.లోనైనా, విశాఖ హోమీ భాభాలోనైనా, పిల్లలకు రేడియేషన్ ఇచ్చే ప్రతి ఆసుపత్రిలోనూ ఆ ఉద్యోగం శాశ్వతంగా ఉండాలి.

అమ్మానాన్నలూ, ముందురోజే ఆ గది చూపించమని అడగండి. "ఏమీ ఉండదు, పడుకో" అని బుకాయించకండి. "నొప్పుండదు నాన్నా, కదలకూడదంతే, నేను గోడ అవతలే ఉంటా" అని చెప్పండి. చెప్పినట్టే అక్కడే ఉండండి.