కొక్కెరల యూరు

మండ్య జిల్లా యందలి కొక్కరె బెళ్ళూరు పేరు మనవారికి వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. కన్నడమున కొక్కరె, మనకు కొక్కెర. గూడబాతులును రంగుల కొంగలును శీతకాలమున అచ్చటి చింతచెట్లపై గూళ్ళు గట్టి, వేసవిలో పిల్లలను పెంచుకొనును. చింతపంటకు నష్టమైనను గ్రామస్థులు వానిని తరుమరు; రెట్ట పొలమునకు ఎరువగుచున్నది. 2007లో ఆ యూరు సామాజిక రక్షిత ప్రదేశమైనది.

వానలు తప్పి, శింషానదియు చుట్టుపట్ల చెరువులును అడుగంటినచో, పక్షులు చేపలకై దూరమేగవలసి యుండును. మిగిలిన మడుగుకడ సెలవులలో మన కార్లు గుంపుగూడినచో, అవి మేత మాని లేచిపోవును. గూటిలో పిల్ల ఆకలితో నోరు తెరచుకొని యుండును. పోవలదని మేమనము. తెల్లవారుజామున పోయి, దూరముననే నిలిచి, చప్పుడు సేయక చూడుడని కోరుచున్నాము. ఫలాహారపు పొట్లములను మరల ఇంటికే తెచ్చుకొనుడు.