సగం ఆకాశం, పద్నాలుగేళ్ళకే!

2016 జూన్ 18న దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో ముగ్గురు యువతులు ఫైటర్ పైలట్లయ్యారు. ఆకాశంలో సగం మనదేనని మనమంతా సంబరపడ్డాం. ఆ సగాన్ని ఎన్నేళ్ళకిచ్చారని మాత్రం అడగలేదు.

1990ల మొదట్లో వైమానిక దళం స్త్రీలను, వైద్యశాఖకు బయట, అధికారులుగా తీసుకుంది. అదీ షార్ట్ సర్వీస్ కమిషన్ మీదే. దానికి గడువు 14 ఏళ్ళు. అధికారికి పెన్షన్ రావాలంటే 20 ఏళ్ళ సర్వీసు ఉండాలి. మోసమంతా ఈ ఆరేళ్ళ తేడాలోనే ఉంది.

ప్రమోషన్ దక్కని పురుష పైలట్ల బాధ గురించి చాలామంది మాట్లాడతారు. బాధే, కాదనం. కానీ పర్మినెంట్ కమిషన్ ఉన్నవాడికి పైహోదా రాకపోయినా జీతం ఆగదు, పెన్షన్ పోదు. ఉండాలా, బయటికెళ్ళాలా అని ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. స్త్రీలను అసలు ఆ వరసలోనే నిలబడనివ్వలేదు. కార్గిల్ యుద్ధంలో హెలికాప్టర్ నడిపిన గుంజన్ సక్సేనా 2004 నాటికే సర్వీసు బయట ఉన్నారు. తోటి షార్ట్ సర్వీస్ పురుషులకున్న అవకాశం స్త్రీలకు లేకపోవడం తప్పని ఢిల్లీ హైకోర్టు చెప్పడానికి 2010 దాకా పట్టింది.

"పైలట్‌కేం లోటు, ఎయిర్‌లైన్స్ లేవా?" అంటారు. సైన్యంలో ఎన్ని గంటలు ఎగిరినా సివిల్ లైసెన్సు దానంతటది రాదు. డీజీసీఏ పరీక్షలు రాయాలి. హెలికాప్టర్ నడిపినవాళ్ళు విమానానికి మారాలంటే శిక్షణ మళ్ళీ మొదలు, ఖర్చు సొంతం. ముప్పై అయిదు దాటాక, పిల్లలు బడికెళ్ళే వయసులో, కో-పైలట్ సీటు నుంచి మొదలుపెట్టాలి. రాముడి వనవాసమూ పద్నాలుగేళ్ళే. కానీ తిరిగొచ్చేసరికి ఆయనకు రాజ్యం సిద్ధంగా ఉంది!

న్యాయం జరగలేదా అంటే, జరిగింది, ఆలస్యంగా. 2006–2009 మధ్య బయటికొచ్చిన 32 మంది వైమానిక దళ మహిళా అధికారులను 20 ఏళ్ళు పూర్తిచేసినట్టే లెక్కగట్టి పెన్షన్‌కు పరిశీలించమని సుప్రీంకోర్టు 2022 నవంబరులో చెప్పింది. ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. కోర్టు మెట్లెక్కే స్తోమత లేనివాళ్ళ మాటేమిటి?

యుద్ధాలు వద్దనే మనకు ఈ గొడవెందుకని కొందరు మిత్రులు అడుగుతున్నారు. యుద్ధాన్ని వ్యతిరేకిద్దాం. కానీ ఇక్కడి సూత్రం మనకు కొత్తదా? అంగన్‌వాడీ కార్యకర్త చేత రోజంతా పని చేయించుకుని, ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనమంటారు. కాంట్రాక్టు నర్సును ఏళ్ళ తరబడి తాత్కాలికమంటారు. స్త్రీ శ్రమ కావాలి, ఆమె హక్కులు మాత్రం బరువు. యూనిఫారం వేసినా, విమానం ఎక్కించినా పితృస్వామ్యం లెక్క మారలేదు.

కాబట్టి అడుగుదాం. కోర్టుకెళ్ళినా వెళ్ళకపోయినా, పర్మినెంట్ కమిషన్ అవకాశం లేకుండా బయటికి పంపిన ప్రతి స్త్రీకీ పెన్షన్ ఇవ్వాలి. షార్ట్ సర్వీస్ పైలట్లు సర్వీసులో ఉండగానే ప్రభుత్వ ఖర్చుతో సివిల్ లైసెన్సు ఇప్పించాలి. వార్షిక రహస్య నివేదికలు న్యాయంగా రాయాలి. ఎలాగూ పైకి వెళ్ళరు కదా అని సైన్యంలో స్త్రీల నివేదికలను నిర్లక్ష్యంగా రాశారనీ, తర్వాత వాటితోనే వాళ్ళను తూచారనీ 2021లో సుప్రీంకోర్టే తప్పుపట్టింది.

రెక్కలిచ్చామని గొప్పలు చెప్పుకుంటే చాలదు. దిగాక నిలబడడానికి నేల కూడా కావాలి. అది దయ కాదు, ఆమె కష్టార్జితం.